సూరతు ఎండలలో సుగంధ జిరేనియము

(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘములలో సాహిత్యమును గూర్చియో, సంగీతమును గూర్చియో ప్రసంగించుట పరిపాటి. నేడు నాకు ఒక మొక్కను గూర్చి మాటలాడుటకు అవకాశ మిచ్చినారు. మొక్కల పెంపకమును సంస్కృతిలోని భాగమే యని నా విశ్వాసము. తులసికోట లేని తెలుగింటి పెరడును ఊహింపజాలము. పువ్వునకు వాసన యుండుట లోకమెల్ల నెరిగినదే. ఆకునకు వాసన గల మొక్కలను ప్రత్యేకించి ఆదరించినవారు మన పెద్దలు. మల్లెదండలో నడుమ నడుమ మరువపు రెమ్మ చేరనిదే మన ఇంటి ఆడువారికి తృప్తి కలుగదు. చైత్రమాసమున దేవాలయములలో దవనముతో స్వామికి ఉత్సవమే జరుపుదురు. అట్టి ఆకువాసనల కూటమిలో చేరదగిన దూరదేశపు చుట్టము సుగంధ జిరేనియము. దాని ఆకును వ్రేళ్లతో ఒకింత నలిపినచో అచ్చముగ గులాబీ వాసన వచ్చును.

ఈ మొక్కను సూరతులో పెంచుటకు యత్నించినవారు మనలో పలువురు కలరు. వారు చెప్పునది ఇంచుమించుగా ఒక్కటే. చలికాలమున నర్సరీనుండి కొని తెత్తురు. సంక్రాంతి నాటికి అది గుబురుగా నెదుగును. వేసవిలో వాడుముఖము వేయును. ఆగస్టు నాటికి మోడై పోవును. "ఈ ఊరి యెండలకు తాళలేదు" అని తీర్పు చెప్పి, మరల నవంబరులో మరియొక మొక్కను కొందురు. నేను నేడు మనవి చేయదలచిన ముఖ్యవిషయ మేమనగా, ఆ తీర్పు సరియైనది కాదు. సూరతులో జిరేనియమును చంపునది ఎండ కాదు. వేళ్ల చుట్టును నిలిచిన తడి. వేసవిలో మనము జాలిపడి పోసిన అధికపు నీరు ఆ పనిని ఆరంభించును. వర్షాకాలము దానిని పూర్తిచేయును. ఈ ఒక్క సంగతిని గ్రహించినచో తక్కిన పోషణ మంతయు సులభమే.

మొదట పేరు సంగతి. మనము జిరేనియమని పిలుచు ఈ మొక్క శాస్త్రరీత్యా జిరేనియము కాదు. 1753లో లిన్నేయసు పండితుడు ఈ జాతుల నన్నిటిని జిరేనియ మను ఒక్క పేరుక్రిందనే చేర్చెను. 1789లో లెరిటియే యను ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు వీనిని వేరుచేసి పెలార్గోనియ మను పేరు పెట్టెను. గ్రీకు భాషలో ఈ రెండు పేర్లును పొడవైన ముక్కు గల కొంగజాతి పక్షుల పేర్లనుండి పుట్టినవి; వాని కాయ ఆ ముక్కును పోలియుండుటయే కారణము. శాస్త్రజ్ఞులు పేరు మార్చిరి గాని తోటమాలులు మార్చలేదు. కావున నేనును జిరేనియ మనియే యనుచున్నాను.

బాల్కనీలలో ఎర్రని, తెల్లని గుత్తిపూలతో కనబడు జిరేనియము వేరు. దాని అందము పువ్వులో నున్నది. సుగంధ జిరేనియపు పువ్వు చిన్నది, లేతగులాబి రంగు గలది. చూపరులను నిలుపునంతటిది కాదు. దాని ఐశ్వర్యమంతయు ఆకులోనే. ఆకుమీది సన్నని నూగులో తైలమును దాచుకొన్న గ్రంథులు కలవు. చేయి తగిలినను, చీరకొంగు రాచుకొనినను ఆ గ్రంథులు చితికి వాసన వెలువడును. ఈ వర్గమున వాసనలు పలురకములు. నిమ్మవాసన నిచ్చు క్రిస్పం, ఆపిలు వాసన నిచ్చు ఒడొరాటిస్సిమం, పుదీనా వాసన గల మెత్తని వెడల్పాటి ఆకుల టొమెంటోసం మొదలగునవి కలవు. వానిలో సూరతువంటి ఊరికి తగినది గులాబీ వాసన గల గ్రేవియోలెన్స్ రకము. పుదీనా వాసన గల రకము చల్లని నీడను కోరును. మన వేసవికి అది తగదు. తొలిసారి పెంచువారు గులాబీ వాసన రకముతోనే ఆరంభింపవలెనని నా సలహా.

దీని పుట్టినిల్లు దక్షిణాఫ్రికా. డచ్చి ఈస్టిండియా కంపెనీ వారు 1652లో ఆ ఖండపు దక్షిణాగ్రమున, గుడ్‌హోప్ అగ్రముకడ, తూర్పుదేశములకు పోవు తమ ఓడలకు నీరును కూరగాయలను అందించుటకై ఒక మజిలీని నెలకొల్పి, అచ్చట తోట వేసిరి. ఆ ప్రాంతపు మొక్కలు ఓడలమీద ఐరోపాకు చేరుటకు ఆ మజిలీ మార్గమైనది. ఆ కంపెనీ వారే 1606 నాటికి మన మచిలీపట్టణమునను, 1616లో ఈ సూరతునను వర్తకస్థానములను పెట్టుకొనియుండిరి. మలబారు మొక్కలను గూర్చి 12 సంపుటముల "హోర్తుస్ మలబారికుస్" అను మహాగ్రంథమును 1678 మొదలు 1693 వరకు వెలువరింపజేసిన వాన్ రీడ్ ఆ కంపెనీ ఉద్యోగియే. ఆయన 1685లో కంపెనీ తరఫున తనిఖీకై కేపునకు పోయి అచ్చటి తోటను చూచెను. 1691లో సూరతునకు వచ్చుచు సముద్రముమీదనే మరణించెను. కతార్గాము దర్వాజా సమీపమున డచ్చి వారి శ్మశానవాటికలో నున్న గొప్ప సమాధి ఆయనదే. ఉద్యోగరీత్యా దేశదేశములు తిరిగి, పోయిన ప్రతిచోటను మొక్కలను పట్టించుకొన్న ఆ అధికారి సూరతు మట్టిలో విశ్రమించియున్నాడను సంగతి, ఉద్యోగరీత్యా ఈ ఊరికి వచ్చిన మనకు ఎరుకలో నుండదగినది.

పుట్టినింటి స్వభావము మొక్కను విడువదు. నేడు సాగులో నున్న గులాబీ వాసన జిరేనియము ఒక సంకరము. దాని పూర్వులలో నొకటైన కాపిటాటం అను జాతి కేపు సముద్రతీరమందలి ఇసుకనేలలలో పెరుగునది. ఇసుకలో వాన కురియును, ఇంకును, పోవును. వేళ్లకడ గాలి యెల్లప్పుడు నాడుచుండును. ఆ వేళ్లు కొంతకాలము నీరు లేకున్నను ఓర్చును గాని ఊపిరి లేకున్న ఓర్వవు. జిరేనియము ఎండకన్న తడికి ఏల భయపడునో తెలియుటకు ఈ ఒక్క మాట చాలును.

సంకరమగుటచేత దీనికి మరియొక లక్షణము కలిగినది. సాగులో నున్న ఈ రకమునకు విత్తనము పట్టదు. కొమ్మను త్రుంచి నాటుటయే దీని వంశవృద్ధికి మార్గము. అనగా మీ కుండీలోని మొక్క ఎవరో ఒకరు మరియొకరి కిచ్చిన కొమ్మ; ఆ యిచ్చినవారికి అంతకుముందు మరియొకరు ఇచ్చిన కొమ్మ. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు; ప్రసంగాంతమున దీనితో పని కలదు.

మన దేశమునకు ఈ మొక్క ఇరువదవ శతాబ్ది తొలి దశకములలో ఫ్రెంచి తోటదారులద్వారా షెవరాయి కొండలలోని ఏర్కాడునకు వచ్చినది. పిదప నీలగిరులలోను, కొడైకెనాలులోను తైలముకొరకు సాగు చేసిరి. అందుచేత ఇది చల్లని కొండల మొక్క యను అభిప్రాయము బలపడినది. దానిని సడలించిన పరిశోధనలలో కొన్ని మన హైదరాబాదులోనే జరిగినవని చెప్పుటకు సంతోషించుచున్నాను. 1959లో కేంద్రప్రభుత్వ పరిశోధనా మండలిక్రింద ఆరంభమై, నేడు సీమాప్ అను పొట్టిపేర ప్రసిద్ధమైన లక్నో నగరపు ఔషధ సుగంధ సస్యముల సంస్థకు హైదరాబాదు శివారులోని బోడుప్పలులో ఒక కేంద్రము కలదు. దక్కను పీఠభూమి యెండలలో, తక్కువ వాన గల నేలలో జిరేనియమును ఎట్లు పండింపవచ్చునో ఆ కేంద్రమువారు ఏండ్ల తరబడి పరీక్షించిరి. వరుసల నడుమ ఎంత దూరముండవలెను, ఆ నడిమి జాగాలో పుదీనా జాతి పంటను వేసినచో తైలపు దిగుబడి ఏమగును అను విషయములపై బి. ఆర్. రాజేశ్వరరావుగారి పరిశోధన 2002లో ప్రకటింపబడినది. హేమంతి, బిపులి, కుంతి యను పేర్లతో ఈ సంస్థవారు మేలురకములను గూడ ఇచ్చియున్నారు.

ఉత్తరహిందూస్థానపు మైదానములలో వారి అనుభవము మనకు మరింత ఉపయోగకరము. అచ్చట చలికాలమున నాటిన జిరేనియము చలికిని, మే నెల వడగాలులకును గూడ నిలిచి, కోతకు వచ్చును. వర్షములు ఆరంభముకాగానే పొలము పొలమంతయు చనిపోవును. ఆ కారణముచేత తల్లిమొక్కలను వానకాలము దాటించుటకై అల్పవ్యయముతో వేయదగిన కప్పుల పద్ధతిని ఆ సంస్థవారు రూపొందించి రైతులకు నేర్పుచున్నారు. కప్పు వేసినది ఎండనుండి కాదు, వాననుండి యని గమనింపుడు. సూరతులోని మన బాల్కనీలకును ఇదియే పాఠము.

ఇక మన ఊరి సంగతి. సూరతును ఎండ యూరనుటయు నిజమే, వాన యూరనుటయు నిజమే. ఏటికి కురియు సుమారు 1,100 మొదలు 1,200 మిల్లీమీటర్ల వాన ఇంచుమించుగా మొత్తము జూన్, సెప్టెంబరుల నడుమనే కురియును. గుజరాతీలు చోమాసు అను ఆ నాలుగు నెలలు తప్ప తక్కిన ఎనిమిది నెలలు చినుకు రాలుట అరుదు. ఏప్రిల్, మే నెలలలో ఎండ 40 డిగ్రీలను తాకు దినములు కలవు. తాపీనది తెచ్చిన ఒండ్రును నల్లరేగడియు కలిసిన ఈ నేల చెరకునకు, ప్రత్తికి మంచిదే గాని కుండీలో పోసినచో తడిసినపుడు బంక, ఆరినపుడు ఇటుక. ఎనిమిది నెలల పొడికాలము జిరేనియమునకు కష్టమే గాని మరణము కాదు. నాలుగు నెలల తడియే గండము.

ఆ గండ మెట్లు సంభవించునో కొంచెము వివరింతును. మట్టిరేణువుల నడుమ సన్నని ఖాళీలు కలవు. వానిలో కొంత నీరు, కొంత గాలి యుండవలెను. నీరు పోవుటకు దారి లేక ఆ ఖాళీలన్నియు నిండినపుడు వేళ్లకు ప్రాణవాయువు అందదు. మొదట దారములవంటి పిల్లవేళ్లు చచ్చును. చచ్చిన వేరుమీద పిథియం, ఫ్యుజేరియం మొదలగు శిలీంధ్రములు చేరి క్రమముగ కాండమునకు ప్రాకును. మొదలు నల్లబడి మెత్తబడును. ఇందులో పెద్ద మోసమొకటి కలదు. వేళ్లు చచ్చిన మొక్క నీరు త్రాగలేదు. కావున మట్టి తడిగా నుండగనే ఆకులు వాడును. వాడిన ఆకును చూచి మనము దాహమనుకొని మరికొంత నీరు పోయుదుము. రోగికి రోగమే మందుగా ఇచ్చినట్లగును.

దీనికి సులభమైన పరీక్ష కలదు. మధ్యాహ్నము ఆకులు వ్రాలి, ప్రొద్దుగూకునప్పటికి లేచినచో అది ఎండవలని అలసట మాత్రమే, భయపడనక్కరలేదు. తెల్లవారుజామున గూడ ఆకులు వ్రాలియుండి, మట్టిలో వ్రేలు పెట్టిన తడి తగిలినచో అది వేరుకుళ్లు. అపుడు నీరు మానవలెను. బాగుగనున్న కొమ్మల కొనలను వెంటనే త్రుంచి వేరుగ నాటుకొనవలెను. తల్లి దక్కకున్నను వంశము దక్కును.

ఇపుడు మన కార్తెల లెక్కతో సంవత్సరపు పనులు చెప్పెదను.

స్వాతి, విశాఖ కార్తెలలో, అనగా అక్టోబరు చివరనుండి నవంబరు నడుమ, మొక్కను తెచ్చి నాటుట మేలు. కుండీ మట్టిదై యుండవలెను. మట్టికుండీ గోడలనుండి తేమ ఆవిరియగుచు వేళ్లను చల్లగ నుంచును. నల్లని ప్లాస్టిక్కు కుండీ ఎండలో కాగి వేళ్లను ఉడికించును. ఒక మొక్కకు 10 లేక 12 అంగుళముల కుండీ చాలును. పెద్దకుండీలో తడి చాలకాలము నిలుచును గనుక చిన్నమొక్కను పెద్దకుండీలో నాటరాదు. అడుగున చిల్లి తప్పనిసరి. రెండుపాళ్లు ఎర్రమట్టి, రెండుపాళ్లు గరుకు ఇసుక, ఒకపాలు బాగుగ చివికిన ఆకుఎరువు లేక వానపాముల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపినచో కుండీమట్టి సిద్ధమగును. పిడికిట పట్టి విడిచినపుడు ఆ మట్టి ముద్దకట్టక రాలిపోవలెను. సముద్రపు ఇసుకలో ఉప్పుండును, దానిని వాడరాదు. కుండీని నేలమీద పెట్టక రెండు ఇటుకలపై నిలిపినచో చిల్లి మూసుకొనిపోదు.

నీరు పోయుటలో నియమ మొక్కటే. వ్రేలు ఒక కణుపు లోతు మట్టిలో దించి చూడవలెను. తడి తగిలిన పోయరాదు. పొడిగా నున్న, అడుగు చిల్లినుండి కారువరకు పోయవలెను. రోజునకు ఒక గ్లాసు చొప్పున వాడుకగ పోయుట మంచిపద్ధతి కాదు. పైపై తడి యారకుండును, లోపలి వేరు దప్పికతో నుండును. సముద్రము దాపున నున్న పేటలలో బోరునీరు ఉప్పన; ఆ నీటి ఉప్పు కుండీ అంచున తెల్లగ పేరుకొనును. అట్టిచోట్ల తాపీ కుళాయినీరే వాడుట మేలు.

నవంబరునుండి ఫిబ్రవరివరకు కొమ్మలు నాటు కాలము. తాపీ యొడ్డున లేతజొన్నల పోంకు అమ్ము దినములు ఇందుకు సరియైన గురుతు. మరీ లేతదియు, మరీ ముదిరినదియు కాని కొమ్మను నాలుగైదు అంగుళముల పొడవున, కణుపునకు దిగువగ వాడియైన చాకుతో కోయవలెను. క్రింది ఆకులు తీసి, పైన మూడు నాలుగు ఆకులు మాత్రము ఉంచవలెను. కోసిన వెంటనే నాటక రెండు మూడు గంటలు నీడన ఉంచినచో గాయ మారును. తడిపిన ఇసుకలో రెండు కణుపులు మునుగునట్లు గ్రుచ్చి నీడన పెట్టవలెను. దీని ఆకు నూగుటాకు గనుక ప్లాస్టిక్కు సంచితో కప్పినచో కుళ్లు పట్టవచ్చును. నాలుగు మొదలు ఆరు వారములలో వేరు పట్టి క్రొత్త చిగురు వచ్చును. లాగి చూచు ఆత్రము పనికిరాదు.

ఫిబ్రవరి చివర మొక్కను మూడవవంతు కత్తిరించి ఆకును వాడుకొనవచ్చును. బట్టలపెట్టెలో వేసినను, చక్కెర డబ్బాలో రెండాకులు ఉంచినను వాసన పట్టును. మల్లెదండలో మరువమునకు బదులు కట్టి చూడుడు. కత్తిరించునపుడు కొమ్మమీద కొన్ని ఆకులైన మిగులవలెను. బోడికొమ్మ మరల చిగిర్చుట కష్టము.

మార్చి దాటినపిమ్మట స్థానము మార్పు అవసరము. ఉదయపుటెండ నాలుగైదు గంటలు తగిలి, మధ్యాహ్నము నీడ పడు తూర్పు బాల్కనీ ఉత్తమము. పడమటి బాల్కనీ తప్పనపుడు ఆకుపచ్చ నీడవలను కట్టవలెను. ఎండకన్న కాగిన సిమెంటు గోడ ఎక్కువ బాధించును. కుండీని గోడకు మూరెడు దూరమున పెట్టవలెను. మరియొక మంచి ఉపాయము కలదు. జిరేనియపు కుండీని దానికన్న పెద్దదియగు, చిల్లి గల మట్టికుండీలో దింపి నడిమి సందును ఇసుకతో నింపి, ఆ ఇసుకను తడుపుచుండవలెను. మన వేసవి కూజా నీటిని చల్లబరచు పద్ధతియే ఇది. మొక్క మొదట నీరు నిలువకయే వేళ్లు చల్లగ నుండును. ఈ రెండు నెలలు ఎరువు వేయరాదు, కత్తిరింపరాదు. ఆకులు చిన్నవియగును, అంచులు పసుపుబారును, ఎదుగుదల నిలుచును. అది మొక్క విశ్రాంతి. రోహిణి కార్తెలో అది సన్నబడినదని కంగారుపడి నీరు హెచ్చించుటయే అనర్థమునకు మూలము.

మృగశిర కార్తెకు ముందుగనే కుండీని కప్పుక్రిందికి చేర్చవలెను. వెలుతురును గాలియు ధారాళముగ నుండి, వానజల్లు మాత్రము పడని చోటు కావలెను. మేడమెట్ల మలుపు, లోతైన బాల్కనీ లోపలి మూల, కిటికీ పై సజ్జాక్రింద అరుగు, ఇట్టివి ప్రతి క్వార్టరులోను దొరకును. లోపలి ఆకులను కొన్ని తీసి కొమ్మల నడుమ గాలియాడునట్లు చేయవలెను. పసుపుబారిన ఆకును రాలువరకు ఉంచరాదు. గాలిలోనే తేమ యున్నది గనుక ఎనిమిది పది దినములకు ఒకసారి, అదియు వ్రేలి పరీక్ష చేసిన పిదపనే, నీరు పోయవలెను. పిండినల్లి, తెల్లదోమ కనబడినచో లీటరు నీటికి ఒక చెంచా వేపనూనె, కొంచెము సబ్బు కలిపి సాయంకాలము చల్లవలెను. అన్నిటికన్న ముఖ్యము, ఒకే మొక్కను నమ్ముకొనరాదు. చలికాలమున చేసిన పిల్లమొక్కలను రెండు మూడు చోట్ల ఉంచినచో వానిలో ఒకటి యైనను చోమాసును దాటును. దసరా దాటి ఆకాశము తేటపడగనే కుండీని మెల్లమెల్లగ వెలుతురునకు తెచ్చినచో, దీపావళికి చిగురు తొడుగును.

మన పెద్దలకు ఈ క్రమము క్రొత్త కాదు. దవనమును నవంబరులో వేసి ఫిబ్రవరి, మార్చిలలో కోయుదురు. చైత్రోత్సవములకు ఆ ఆకు అందుట అందుచేతనే. వాసన గల ఆకు పొడికాలపు పంట యని వారు అనుభవముచేత నెరిగిరి. జిరేనియమును మనము ఆ వరుసలో చేర్చుకొనుటయే కావలసినది.

ఒక అపోహను గూడ తొలగింపవలసియున్నది. ఈ మొక్క ఇంటనున్న దోమలు రావని నర్సరీలవారు చెప్పుదురు. ఆ ప్రచారముతోనే అమ్ముడైన సిట్రోసా అను జిరేనియమును కెనడా శాస్త్రజ్ఞులు పరీక్షించి, మొక్క దగ్గర నున్నంతమాత్రమున దోమలు తగ్గవని 1996లో ప్రకటించిరి. ఆకు నూనెలో గుణముండవచ్చును. కుండీలోని మొక్క ఆ నూనెను గాలిలో చల్లుచుండదు. పైగా కుండీక్రింద పెట్టు పళ్లెములో నిలిచిన నీరే దోమలకు పుట్టినిల్లు. 1994లో ప్లేగుచేత తల్లడిల్లిన ఈ నగరమును, 1995లో మునిసిపల్ కమీషనరుగా వచ్చిన ఎస్. ఆర్. రావుగారి కాలమున జరిగిన పారిశుద్ధ్యకృషి మరల నిలబెట్టినది. ఆ నగరమున నివసించు మనము దోమల పళ్లెములను పెంచరాదు. పళ్లెమును తీసివేయుట మొక్కకును మేలు, ఇరుగుపొరుగునకును మేలు.

ధనలాభమును గూర్చి ఒక్క మాట. జిరేనియపు తైలము సబ్బులకు, అత్తరులకు, అగరువత్తులకు వాడబడును. గులాబీ తైలము మిక్కిలి ఖరీదగుటచేత దానికి తోడుగ ఇది పోవును. మన దేశపు అవసరములో అధికభాగము విదేశములనుండియే వచ్చుచున్నది. ఐనను వెయ్యి కిలోల ఆకును బట్టీపెట్టిన వచ్చు తైలము సుమారు ఒకటి, ఒకటిన్నర కిలోలు మాత్రమే. స్వగ్రామమున పొలములున్న మిత్రులు ఎవరైన ఈ సాగును తలపెట్టినచో, ఆకర్షణీయమైన ప్రకటనలను చూచి కాక, నీరు నిలువని నేల యున్నదా, తైలము తీయు బట్టీ దాపున నున్నదా, వానకాలమున తల్లిమొక్కలను కాపాడుటకు కప్పు వేయగలమా అను మూడు ప్రశ్నలు వేసికొని, బోడుప్పలు కేంద్రమువారి సలహాతో దిగవలెను.

కడపట ఒక ప్రార్థన. ఈ మొక్కకు విత్తనము లేదని ముందు చెప్పితిని. అనగా ఒకరు పెంచి మరియొకరికి ఈయనిచో దీనికి రేపు లేదు. మనమా, బదిలీ ఉద్యోగులము. మూడేండ్లకో నాలుగేండ్లకో ఉత్తరువు వచ్చును. సామాను లారీ కెక్కును. కుండీలు మెట్లక్రింద మిగులును. క్రొత్తగ వచ్చిన కుటుంబమునకు వాని మర్మము తెలియదు. ఒక చోమాసుతో అవి ముగియును. ఎన్నో యేండ్ల శ్రద్ధతో ఈ ఊరి గాలికి అలవడిన మొక్కలు ఈ విధముగ ఏటేట నశించుచున్నవి.

కావున మన సంఘము ప్రతి సంవత్సరము సంక్రాంతి సమావేశమున కొమ్మల పంపకమును ఒక కార్యక్రమముగ పెట్టుకొనవలెనని నా ప్రతిపాదన. మొక్క గల ప్రతి సభ్యుడును వేరుపట్టిన మూడు పిల్లమొక్కలను తేవలెను. ఒకటి క్రొత్తగ బదిలీపై వచ్చిన సభ్యునికి. ఒకటి ఇరుగుపొరుగు గుజరాతీ మిత్రునికి. మూడవది లింబాయతు, ఉధనా ప్రాంతములలో స్థిరపడిన మన నేతపనివారి ఇండ్లకు. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ సీమలనుండి మగ్గముల పనికై వచ్చి, తరములుగ ఈ ఊరినే తమ ఊరు చేసికొన్న కుటుంబము లవి. మనము వచ్చి పోవువారము, వారు ఉండువారు. మన చేతిలోకన్న వారి గుమ్మములలో ఈ మొక్క భద్రము. ఏనాడైన మన యింటి మొక్క పోయినచో, వారియింటికి పోయి ఒక కొమ్మ అడిగి తెచ్చుకొనవచ్చును. సంఘమునకు వారితో రాకపోకలు పెరుగుటకు అది యొక నెపమైనను నాకు సంతోషమే.

కొమ్మ నిచ్చునపుడు నోటిమాటగ ఒక్క సంగతి చెప్పి ఈయుడు: "ఎండకు భయపడకుడు, వాననుండి కాపాడుడు." ఆ ఒక్క మాట కొమ్మతోపాటు చేతులు మారినచో, సూరతులో ఈ గులాబీ వాసన నిలుచును.